తొలకరికి ముందే ఈవీ ఛార్జర్ ఎర్త్ చూపించుకోండి

మే నెల ముగిసేసరికి అనంతపురం ఇళ్లలో ఎర్త్ గుంతలు పూర్తిగా తడారిపోతాయి. మనవి ఎర్ర నేలలు, ఇసుకపాలు ఎక్కువ, పోసిన నీళ్లు నిలవవు. చెమ్మ లేని మట్టిలోకి కరెంటు సరిగా దిగదు. అది ముందుగా కనిపెట్టేది ఎలక్ట్రిక్ కారు (ఈవీ) ఛార్జరే. ఎర్ర లైటు వెలిగించి మొరాయిస్తుంది. ఫ్రిజ్జు, ఫ్యాన్లు మామూలుగా తిరుగుతుంటాయి గనక ఛార్జరే పాడైందనుకుంటాం.

జూన్‌లో వాన పడ్డాక వచ్చే తంటా వేరు. షెడ్డులోని సాకెట్‌లోకి చెమ్మ చేరి ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు, పడిపోతుంటుంది. ఎర్ర లైటంటే చాలాసార్లు ఎర్త్ అందడం లేదని. ఆర్‌సీసీబీ పడిందంటే కరెంటు ఎక్కడో లీకవుతోందని. కొన్ని ఛార్జర్లు ఫేజు, న్యూట్రల్ తారుమారైనా, ఇన్వర్టర్ మీద పెట్టినా అదే ఎర్ర లైటు చూపిస్తాయి. అది కూడా చూసుకోండి.

ఎర్త్ మీద అనుమానముంటే సాయంత్రం గుంతలో రెండు బిందెల నీళ్లు పోయండి. మర్నాడు ఛార్జర్ పనిచేస్తే దొంగ దొరికినట్టే. అయితే నీళ్లు నాలుగు రోజుల ముచ్చటే. పాత గుంతల్లో పోసిన ఉప్పు ఎర్త్ పైపునే తినేసి ఉంటుంది, క్లాంపు తుప్పు పట్టి ఉంటుంది. ఎలక్ట్రీషియన్ ఫేజుకు, ఎర్త్‌కు మధ్య బల్బు వెలిగించి "ఎర్త్ బాగుంది సార్" అంటే ఒప్పుకోవద్దు. ఎర్త్ నిరోధం 50 ఓమ్‌లు ఉన్నా 100 వాట్ల బల్బు బాగానే వెలుగుతుంది. ఎర్త్ టెస్టర్‌తో కొలిపించండి, ఇంటికి 5 ఓమ్‌లకు మించకపోతే మంచిది.

సాకెట్‌లోనే న్యూట్రల్‌ను ఎర్త్ పిన్నుకు కలిపేసే చిట్కా ఒకటి ఊళ్లో తిరుగుతోంది. లైటు పచ్చబడుతుంది, నిజమే. కానీ న్యూట్రల్ వైరు తెగిన రోజు కారు బాడీకి 230 వోల్టులు వస్తాయి. ఆ కలుపుడుకు ఆర్‌సీసీబీ పడిపోతుంటే దాన్నీ పీకేయమంటారు. ఆ పని చేసేవాణ్ణి గేటు దగ్గరే ఆపేయండి.

ఆర్‌సీసీబీ పడుతుంటే ముందు ఛార్జర్ పీకి, ఆర్‌సీసీబీని ఎత్తి చూడండి. అప్పుడూ పడితే తప్పు వైరింగులోనో, అదే లైనుమీదున్న గీజరు, మోటార్లలోనో ఉంది. నిలబడితే కారుకు తగిలించకుండా ఛార్జర్ మాత్రమే పెట్టండి. ఇప్పుడు పడితే తప్పు సాకెట్, ఛార్జర్, కేబుళ్లలో ఉంది. కారుకు తగిలించాకే పడితే గన్‌లో (కారుకు తగిలించే ప్లగ్గులో) తడి ఉందేమో చూసి, ఆరాక ఇంకొక్కసారి ప్రయత్నించండి. మళ్లీ పడితే సర్వీసు సెంటరుకే. తడిచేతులతో, చెప్పుల్లేకుండా ఇవేవీ చేయొద్దు. ప్లగ్గు కరిగిన వాసనొస్తే పరీక్షలు మానేసి మెయిన్ దించండి.

ఆర్‌సీసీబీ 30 మిల్లీ ఆంపియర్లదే ఉండాలి. నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కండి. కానీ ఎర్త్ లేకపోయినా ఆ బటన్ పనిచేస్తుంది. ఎర్త్ లేని ఇంట్లో లీకు మనిషి ముట్టుకున్నాకే తెలుస్తుంది.

15 ఆంపియర్ల సాకెట్‌కు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో విడిగా లైను లాగించండి, ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు. లోపం స్తంభం వైపుంటే 1912కి ఫోన్ చేయండి.