పురానాపూల్ చరిత్రను రాళ్లలోనే చదవడం ఎలా?

హైదరాబాద్‌లో మూసీపై కట్టిన తొలి వంతెన పురానాపూల్‌ను చూడదలచినవారు ముందుగా దానిపైకి ఎక్కకుండా, పక్కనున్న కొత్త వంతెనపై నిలబడి, వర్షాకాలం కాని రోజుల్లో, ఉదయపు ఎండలో కమానులను లెక్కపెట్టాలి; అవి 22. ప్రతి కమాను పైభాగం మొనదేలి ఉండడాన్ని గమనించండి. అక్కడ రాళ్లు ఒకదానినొకటి ఒత్తుకుంటూ పైబరువును స్తంభాలకు అందిస్తాయి.

ఆ తరువాత తేదీలను సరిచూసుకోవాలి. గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కులీ కుతుబ్‌షా దీనిని 1578లో, అంటే చార్మినార్‌కు 13 ఏళ్ల ముందే, కట్టించాడు. గోల్కొండ నుంచి దక్షిణపు ఒడ్డుకు దారి ఏర్పడిన తరువాతే అక్కడ కొత్త నగరం వెలిసిందన్న క్రమాన్ని గుర్తుంచుకుంటే చాలు. ప్రియురాలు భాగమతి కోసం ఇబ్రహీం కొడుకు, రాకుమారుడు మహమ్మద్ కులీ వరదలో నదిని దాటాడని, అందుకే తండ్రి వంతెన వేయించాడని గైడ్లు చెబుతారు. వినడానికి బాగుంటుంది గానీ, అప్పటికి మహమ్మద్ కులీకి పదమూడేళ్లు కూడా దాటలేదేమో లెక్క వేసుకోండి.

చివరగా వంతెనపైకి నడవండి. కూరగాయల గంపల మధ్య వంగి పిట్టగోడ రాళ్లను చూస్తే, 1820, 1908 వరదల తరువాత మరమ్మతులు జరిగిన ఈ కట్టడంలో ఏ రాయి ఏ కాలానిదో కంటిచూపుతోనే తేల్చడం ఎంత కష్టమో తెలుస్తుంది.