హువాంగ్ ఛీ వేరు: ఎలా కొనాలి, ఎలా కాచాలి, ఎప్పుడు ముట్టకూడదు

ఈ మధ్య ఇంటికొచ్చిన వాళ్ళంతా మా ఫ్రిజ్‌లో డబ్బా చూసి ఈ పుల్లలేంటి అని అడుగుతున్నారు, ఒక్కొక్కరికీ చెప్పే బదులు ఒకసారి రాసేస్తే పోతుంది కదా అని కూర్చున్నా. దీని పేరు హువాంగ్ ఛీ, చైనా వాళ్ళు ఒంటికి బలానికని వాడే ఒక మొక్క ఎండు వేరు. చివర్లో ఆ "ఛీ" విని మావారు మొదటిరోజు పడీ పడీ నవ్వారు, పేరులోనే ఛీ అంటుంటే ఎవరు తాగుతారే అని. సింగపూర్‌లో పాత షాపుల్లో "పక్ కీ" అన్నా ఇస్తారు. క్యాప్సూల్ డబ్బాల మీదైతే ఆస్ట్రాగలస్ అని ఉంటుంది.

హువాంగ్ అంటే పసుపు, ఛీ అంటే పాత అర్థంలో పెద్ద, పెద్దాయన అని. బలానికిచ్చే మందులన్నిటికీ ఇది పెద్ద కాబట్టి ఆ పేరు అని 16వ శతాబ్దంలో లీ షిజెన్ అనే వైద్యుడు రాసుకున్నాడు. మొక్క చూస్తే మన కంది, శనగ కుటుంబమే. చైనాలో గాన్సు, షాన్‌షీ, ఇన్నర్ మంగోలియా లాంటి చలి ప్రాంతాల్లో పెరుగుతుంది, వేరు నిలువుగా లోతుకి దిగిపోతుంది, బాగా ఊరాలంటే నాలుగైదేళ్ళు ఆగి తవ్వాలి. ఇది చైనా అశ్వగంధ అంట కదా అని అడిగారు ఒకరు. కాదండీ, అశ్వగంధ అంటే మన పెన్నేరుగడ్డ, అది వంకాయ కుటుంబం, దీనికీ దానికీ చుట్టరికమే లేదు.

ముందు కొనడం సంగతి. మేముండే సింగపూర్‌లో చైనీస్ మందుల కొట్టుని మెడికల్ హాల్ అంటారు, వచ్చిన కొత్తలో మా ఊళ్ళో మెడికల్ హాల్ లాంటిదే అనుకుని పారాసిటమాల్ కోసం వెళ్ళాను, లోపల చూస్తే గోడ నిండా చెక్క సొరుగులు, గాజు సీసాల్లో ఎండిన వేర్లు, అదో వాసన. ఇప్పుడు అదే కొట్టుకి నెలకోసారి వెళ్తా. హువాంగ్ ఛీ ఏటవాలుగా కోసిన పల్చటి ముక్కలుగా ఉంటుంది. ఒక ముక్క తీసి వెలుతురులో చూడండి, మధ్యలో పసుపు, దాని చుట్టూ తెలుపు అంచు, మధ్య నుంచి బయటికి సన్నటి గీతలు కనపడాలి. చైనా వాళ్ళు దీన్ని బంగారు బావి, పచ్చరాయి కంచె అంటారు, ఒకసారి చూస్తే ఆ పోలిక ఇక మర్చిపోరు. తర్వాత నోట్లో వేసుకుని నమలండి, మొదట కొంచెం తియ్యగా, వెనకాలే పచ్చి చిక్కుడు గింజ కొరికినప్పటి వాసన రావాలి, పీచు పీచుగా పళ్ళకి అడ్డం పడాలి. తీపీ లేదు, ఆ పచ్చి వాసనా లేదంటే పాత సరుకే, వదిలేయండి. మరీ తెల్లగా మెరిసిపోతూ వాసన చూస్తే పుల్లగా ముక్కుకి కొడుతుంటే గంధకం పొగ పెట్టారని అర్థం, అది అసలొద్దు. పైతొక్క ఎర్రగా ఉంటే అది హోంగ్ ఛీ అనే వేరే మొక్క వేరు, అదీ గాన్సులోనే పండుతుంది, మీరడిగింది మాత్రం అది కాదు. మొదటిసారికి 100 గ్రాములు చాలు, పెద్ద ప్యాకెట్ చవగ్గా వస్తోంది కదా అని ఎగబడకండి.

ఇప్పుడు టీ, నేను ఎక్కువగా చేసేది ఇదే. లీటరు నీళ్ళకి 10 నుంచి 15 గ్రాములు. చైనా వైద్యులు రోజుకి 9 నుంచి 30 గ్రాముల దాకా వాడతారు గానీ ఆ పై లెక్క నాడి చూసి ఇచ్చే వాళ్ళది, మనం కింద లెక్కలోనే ఉందాం. ముక్కల్ని ఒక్కసారి నీళ్ళలో జాడించి పారబోసి, మంచినీళ్ళు పోసి అరగంట నానబెట్టండి, అదే నీళ్ళతో పొయ్యి మీద పెట్టి పొంగు రాగానే సిమ్‌లో పెట్టి ముప్పావుగంట వదిలేయండి. స్టీలు గిన్నె, గాజుది, మట్టిది ఏదైనా పర్లేదు, ఇనపదీ అల్యూమినియందీ వద్దు. అందులో ఐదారు ఎర్ర పళ్ళు వేస్తారు, మనవాళ్ళు వాటిని రెడ్ డేట్స్ రెడ్ డేట్స్ అని ఖర్జూరాలే అనుకుంటారు గానీ అవి మన రేగుపండుకి అన్నదమ్ములు, రేగువడియాలు తిని పెరిగిన వాళ్ళకి ఉడుకుతున్నప్పుడు ఆ వాసన పట్టేస్తుంది. గింజ తీసి, చీల్చి వేయండి, గింజ వేడి చేస్తుందని ఇక్కడి వాళ్ళ నమ్మకం, నమ్మకం సంగతెలా ఉన్నా చీలిస్తే తీపి బాగా దిగుతుంది. గోజీ అనే చిన్న ఎర్ర ఎండు పళ్ళు వేయాలనుకుంటే చెంచాడు, అదీ దించే ఐదు నిమిషాల ముందు, మొదట్నుంచీ ఉడికిస్తే పుల్లగా పేస్టు అయిపోతుంది. నీళ్ళు పల్చటి బంగారు రంగులోకి వస్తాయి. ముక్కలు మాత్రం ఎంత ఉడికినా మెత్తబడవు, తినడానికి కాదు, తీసేయాలి. మా చిన్నాడు ఒకసారి మునక్కాడ అనుకుని నమిలి నమిలి ప్లేటులో పెట్టాడు, మునక్కాడకైనా లోపల గుజ్జుంటుంది, దీనికి అదీ లేదు.

సూపు ఇంకా తేలిక. సగం కోడిని ముక్కలు కొట్టించి, మరిగే నీళ్ళలో రెండు నిమిషాలు వేసి ఆ మురికి నీళ్ళు పారబోయండి, ఈ పని మానేస్తే సూపంతా మడ్డిగా వస్తుంది. తర్వాత చన్నీళ్ళు పోసి, నాలుగు అల్లం ముక్కలు, 15 గ్రాముల హువాంగ్ ఛీ, ఎర్ర పళ్ళు వేసి గంటన్నర సన్నటి సెగ. ఉప్పు చివర్లో. కుక్కర్‌లో పెడతామంటే పెట్టుకోండి, నేనూ పెడతా, కాకపోతే ఈలలొచ్చాక సెగ తగ్గించి ఇరవై నిమిషాలు ఉంచాలి. ఇక్కడ నల్ల చర్మం, తెల్ల ఈకలున్న సిల్కీ కోడి వేస్తారు, మన కడక్‌నాథ్ కాదది, వేరే రకం, ఊళ్ళో అయితే నాటుకోడి బ్రహ్మాండంగా కుదురుతుంది. దయచేసి గరం మసాలా వేయకండి, నేను వేసి చూశా, వేరు రుచీ పోయింది, మసాలా రుచీ సరిగ్గా రాలేదు. మిరియాలు నాలుగు చాలు. నాన్‌వెజ్ తినని వాళ్ళు కాచి వడకట్టిన నీళ్ళలోనే బియ్యం వేసి జావ కాచుకోవచ్చు, ఈ జావ చైనాలో కొత్తదేం కాదు, వెయ్యేళ్ళ కిందటి కవి సూ షీ కూడా పద్యంలో దాని ప్రస్తావన తెచ్చాడు.

ఇక అసలు సంగతి, దీనికోసమే ఇంత రాసింది. రెండేళ్ళ కింద డిసెంబర్ వానల్లో నాకు గొంతునొప్పి, ఒళ్ళు కాలిపోతోంది, ఇమ్యూనిటీకి మంచిదని ఎవరో ఫార్వర్డ్ పెడితే ఇంట్లో ఉన్న హువాంగ్ ఛీ అంతా చిక్కగా కాచి రెండు గ్లాసులు తాగేశా. రాత్రంతా నిద్ర లేదు, నోరెండిపోయింది. పొద్దున్నే పక్క ఫ్లాట్ చైనీస్ ఆంటీ గిన్నె మూత తీసి వాసన చూసి మొహం ఎలా పెట్టిందంటే, దొంగ ఇంట్లో ఉండగానే తలుపులు గడియ పెట్టేస్తావా అంది. వాళ్ళ వైద్యంలో అదో సామెతట. హువాంగ్ ఛీ ఒంటికి కంచె కట్టే మందు, జబ్బు బయట ఉన్నప్పుడు వాడాలి, లోపలికొచ్చాక వాడితే దాన్ని లోపలే పెట్టి తాళం వేసినట్టు. సైన్స్ దీన్ని ఇలా చెప్పదు గానీ వాళ్ళ పద్ధతిలో మందు వాడుతున్నప్పుడు వాళ్ళ రూలు పాటించడం న్యాయం కదా. కాబట్టి జ్వరం, జలుబు, గొంతునొప్పి ఉంటే డబ్బా ముట్టకండి, తగ్గి, ఆకలి తిరిగొచ్చాకే.

ఇంకొందరు అసలే వాడకూడదు. కిడ్నీయో లివరో మార్పించుకుని ఇమ్యూనిటీని అణిచే మందులు వేసుకుంటున్న వాళ్ళు, రుమటాయిడ్, లూపస్ లాంటి, ఒంటి ఇమ్యూనిటీ ఒంటి మీదే తిరగబడే జబ్బులు ఉన్నవాళ్ళు, మానసిక జబ్బుకి లిథియం అనే మందు వాడేవాళ్ళు, గర్భిణులు దూరంగా ఉండండి. షుగర్, బీపీ మాత్రలుంటే డాక్టర్‌ని అడక్కుండా మొదలెట్టొద్దు. వార్ఫరిన్ లాంటి రక్తం పల్చబరిచే మందులుంటే గోజీ కూడా మానేయండి. ఇక్కడ బాలింతలకి మన కాయం పెట్టినట్టు ఈ వేరు, ఎర్ర పళ్ళు, దాంగ్ గుయ్ అనే ఇంకో వేరు కలిపి కాచిస్తారు, అది చూసి మనమూ ఇంట్లో బాలింతకి పోసేయడం కాదు, పాలిచ్చే తల్లి కాబట్టి డాక్టర్‌ని అడిగాకే. 1247లో లీ దోంగ్‌యువాన్ అనే వైద్యుడు ఇచ్చిన లెక్కలో దాంగ్ గుయ్ ఒక వంతుంటే హువాంగ్ ఛీ ఐదు వంతులుంటుంది, ఆ పాళ్ళు చేత్తో ఉజ్జాయింపుగా వేసేవి కావు. వాళ్ళ మందే కావాలంటే సింగపూర్‌లో రిజిస్టర్ అయిన చైనీస్ వైద్యులు ఉంటారు, వాళ్ళ దగ్గరికే వెళ్ళండి. షుగర్ తగ్గిస్తుంది, కిడ్నీ బాగుచేస్తుంది అని మాత్రలు ఆపించే వాళ్ళ మాట వినకండి, దానికి గట్టి ఆధారాలు లేవు. నాకైతే ఇది వంటింటి సరుకు, వారానికి రెండుసార్లు.

దాచడం గురించి ఒక్క మాట. తేమ తగిలితే బూజొస్తుంది, పురుగు పడుతుంది, అందుకే గాలి చొరని డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెడతా, తడి చెయ్యి పెట్టనివ్వను. ఒకసారి కాచిన ముక్కల్ని అదే రోజు కొంచెం తక్కువ నీళ్ళతో రెండోసారి కాచుకోవచ్చు, రుచి సగం వస్తుంది. మూడోసారికి అవి వట్టి పుల్లలే, నేనైతే కరివేపాకు కుండీలో వేసేస్తా.