చలికాలం గడిచాక పాత షవల్‌హెడ్‌ను స్టార్ట్ చేసే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

అమెరికా ఉత్తర రాష్ట్రాలలో నవంబరులో గ్యారేజీలోకి చేరిన మోటారు సైకిలు మళ్లీ ఏప్రిల్‌లో గాని రోడ్డెక్కదు. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లిన ఉప్పు వానలకు కొట్టుకుపోయేదాకా పాత బండ్లవారు ఎవరూ తొందరపడరు. హార్లీ-డేవిడ్‌సన్ 1966 నుంచి 1984 వరకు తయారు చేసిన షవల్‌హెడ్ ఇంజిన్ ఉన్నవారు ఆ ఓపికను మొదటి కిక్కు కొట్టే రోజున కూడా నిలుపుకోవాలి. ఈ ఇంజిన్ నమ్మదగినది కాదన్న మాట చాలాకాలంగా ఉంది. కంపెనీ ఏఎంఎఫ్ (అమెరికన్ మెషిన్ అండ్ ఫౌండ్రీ) అనే మరో సంస్థ చేతిలో ఉన్న 1969–1981 నాటి బండ్ల విషయంలో ఆ మాట మరీ గట్టిగా వినిపిస్తుంది. నా దగ్గరున్న 1973 నాటి ఎఫ్‌ఎక్స్ సూపర్ గ్లైడ్‌తో నాకు అర్థమైనది వేరు. వారానికి రెండుసార్లు తిరిగినంతకాలం అది నన్ను దారిలో నిలబెట్టలేదు. నాకు వచ్చిన పెద్ద ఇబ్బందులన్నీ అది కదలకుండా ఉన్న నెలల్లో మొదలైనవే.

అన్నిటికన్నా ముందు ఆయిల్ సంగతి చూడాలి. ఈ ఇంజిన్‌కు ఆయిల్ అడుగున నిలవ ఉండదు; విడిగా సీటు కింద ట్యాంకులో ఉంటుంది. పంపులో ఒక జత గేర్లు ఆయిల్‌ను ఇంజిన్‌లోకి పంపిస్తే, మరో జత దాన్ని తిరిగి ట్యాంకులోకి తోడి పోస్తాయి. ట్యాంకు ఎత్తులో ఉంటుంది కనుక బండి ఆగినప్పుడు ఆయిల్ కిందికి దిగకుండా పంపులో స్ప్రింగు బలంతో కూర్చున్న చిన్న ఉక్కు గుండు అడ్డుపడుతుంది. ఆ గుండు కూర్చునే చోట ఇసుమంత మురికి చేరినా, అరుగుదల వచ్చినా, ఆయిల్ వారాల తరబడి బొట్టుబొట్టుగా దిగి ఇంజిన్ అడుగు భాగమైన క్రాంక్‌కేసులో నిండుతుంది. బండి కొన్న రెండో వసంతంలో నేను ట్యాంకులో ఆయిల్ మట్టం చూపే పుల్ల, అంటే డిప్‌స్టిక్ తీసి చూసి, ఆయిల్ తగ్గిందనుకొని ఒక క్వార్టు (లీటరుకు కాస్త తక్కువ) పోసి స్టార్ట్ చేశాను. పది సెకన్లు గడవకముందే ఇంజిన్‌లోని గాలి బయటికి పోయే బ్రీదర్ గొట్టంలోంచి నల్లటి ఆయిల్ ఎగజిమ్మి వెనక టైరు, నేల తడిసిపోయాయి. ఆయిల్ ఎక్కడికీ పోలేదు, ఇంజిన్‌లోనే ఉంది. అందువల్ల చలికాలం తర్వాత డిప్‌స్టిక్‌ను చూసి ఆయిల్ పోయకండి. ముందు క్రాంక్‌కేసులో చేరినదాన్ని డ్రెయిన్ ప్లగ్గు ద్వారా ఖాళీ చేసి, తర్వాత ట్యాంకులోని పాత ఆయిల్‌ను కూడా తీసేసి కొత్తది పోయండి. వసంతపు చలికి 20డబ్ల్యూ50 చిక్కదనం ఉన్న ఆయిల్ సరిపోతుంది. ఎండలు ముదిరాక చాలామంది ఇంకా చిక్కనైన 60 గ్రేడుకు మారుతారు.

ఆ తర్వాత రెండు స్పార్క్ ప్లగ్గులూ విప్పి, ఇగ్నిషన్ ఆపి ఉంచి, కిక్కర్‌ను పదిహేను, ఇరవైసార్లు నిదానంగా తొక్కితే ఎండిపోయిన బేరింగులకు ఆయిల్ చేరుతుంది. ఇంజిన్ అందుకున్న వెంటనే ట్యాంకు మూత తీసి లోపలికి టార్చి వేసి చూడండి. తిరుగు గొట్టం చివర మొదట బుడగలు, ఆ వెంటనే ఆయిల్ చిన్న చిన్న తెరలుగా ఉమ్మినట్టు పడడం కనిపించాలి. నిమిషం లోపల అది కనిపించకపోతే ఇంజిన్ ఆపేయండి. ఆయిల్ లైటు ఆరిందన్న ధైర్యంతో రేజ్ చేయవద్దు. ఆ లైటు ఆయిల్ ఇంజిన్‌లోకి వెళ్తున్నదని మాత్రమే చెబుతుంది, తిరిగి వస్తున్నదో లేదో చెప్పదు.

పెట్రోలు విషయంలో నేను బేరమాడను. ఇక్కడి బంకుల్లో దొరికే మామూలు పెట్రోలులో సాధారణంగా పది శాతం దాకా ఇథనాల్ కలిసి ఉంటుంది. అది గాలిలోని తేమను పీల్చుకొని, నిలవ ఉన్నకొద్దీ ట్యాంకు అడుగున నీటితో కలిసి వేరుపడుతుంది, పాత రబ్బరు భాగాలను ఉబ్బిస్తుంది. చలికాలమంతా ఉన్న పెట్రోలును పూర్తిగా తీసేసి, కార్బురేటర్ అడుగు గిన్నె విప్పి శుభ్రం చేయండి. కార్బురేటర్‌కు, సిలిండర్ హెడ్‌లకు మధ్య ఉన్న మానిఫోల్డు సీళ్లు గట్టిపడి ఉంటే అక్కడ గాలి లోపలికి చొరబడుతుంది. స్లో స్పీడు తనంతట తాను పెరగడం, కార్బురేటర్ పటపటమనడం దానికి గుర్తులు. స్క్రూలు తిప్పి సర్దుకుపోదామని చూస్తే పిస్టన్లు వేడెక్కి పాడవుతాయి. సీళ్లు మార్చడమొక్కటే మార్గం.

ఇగ్నిషన్‌లో తెరుచుకుంటూ మూసుకుంటూ నిప్పురవ్వ పుట్టించే పాయింట్ల గ్యాప్ 0.018 అంగుళం, అంటే సుమారు 0.45 మిల్లీమీటరు. గ్యాప్ పెట్టేటప్పుడే దాని వెనక, ఇంజిన్ వేగాన్ని బట్టి నిప్పురవ్వను ముందుకు జరిపే అడ్వాన్స్ బరువులను వేలితో తెరిచి వదలండి. స్ప్రింగులు వాటిని టక్కున వెనక్కి లాగాలి. తుప్పుకు అవి తెరుచుకున్న చోటే బిగుసుకుపోతే, నిప్పురవ్వ ముందే పుట్టి కిక్కర్ ఎదురు తంతుంది. మన ఊళ్లలో పాత బుల్లెట్ తన్నిన దెబ్బ తిన్నవారికి అదెలా ఉంటుందో చెప్పనక్కరలేదు. ఆ బుల్లెట్ సిలిండరు 350 సీసీ అయితే, ఇక్కడ ఒక్కొక్కటి సుమారు 600 సీసీ. చీలమండ దాకా వచ్చే గట్టి బూట్లు లేకుండా, మోకాలు బిగించి కిక్కు కొట్టవద్దు. గ్యారేజీ తలుపు పూర్తిగా తెరిచి, వీలైతే బండిని బయటికి తోసుకొని వచ్చి స్టార్ట్ చేయండి. మూసిన గదిలో పొగ ప్రాణాలు తీస్తుంది. కార్బురేటర్ నుంచి మంట తిరగబడే అవకాశం కూడా ఉంది కాబట్టి మంటలార్పే సిలిండరు చేతికందేంత దూరంలో ఉండాలి.

బ్రేకు ద్రవం ఏ రకమో మూత మీద చదవకుండా పోయకండి. సిలికాన్ రకం, గ్లైకాల్ రకం ఒకదానితో ఒకటి కలవకూడదు. టైరు పక్కన ఉండే నాలుగంకెల్లో మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. 2319 అంటే 2019లో 23వ వారం. రబ్బరుపై గాడులు ఎంత లోతుగా ఉన్నా పగుళ్లు కనిపించిన టైరును మార్చేయాలి. చైన్ లింకు క్లిప్పు మూసి ఉన్న కొన చైను కదిలే దిశకే ఉండాలి. ఒకే క్రాంక్ పిన్నుకు 45 డిగ్రీల కోణంలో రెండు సిలిండర్లు తగిలించిన ఇంజిన్ ఇది, కనుక ప్రకంపన దాని స్వభావం. ఇంజిన్ మౌంటు బోల్టులు, ఎగ్జాస్ట్ నట్లు, వెనక ఇరుసు నట్టు స్పానర్ పట్టి చూడకుండా బయలుదేరవద్దు.

మొదటి ప్రయాణం ఇంటి చుట్టుపక్కల పది మైళ్లు దాటనివ్వకండి. తిరిగి వచ్చాక ఇంజిన్ చల్లారనిచ్చి ఆ బోల్టులనే మరోసారి బిగించి, బండి కింద శుభ్రమైన అట్టముక్క పరచండి. తెల్లవారి ఆ అట్ట మీద మచ్చ ఎక్కడ పడిందో చూస్తే, కారుతున్నది ప్రైమరీ కవరా (ఇంజిన్ నుంచి గేర్‌బాక్సుకు శక్తినిచ్చే చైను మీది మూత), గేర్‌బాక్సా, వాల్వులను తెరిచే కడ్డీలుండే పుష్‌రాడ్ గొట్టాల సీలా అన్నది తెలిసిపోతుంది. నిజానికి పుష్‌రాడ్ గొట్టాల అడుగు సీలు కార్చే ఒకటి రెండు బొట్లకు భయపడనక్కరలేదు. కాని మచ్చ అరచేయంత ఉంటే ఆ సీలు మార్చేదాకా బండిని హైవే ఎక్కించకండి.