తూకం అయ్యాక బాస్ ఎటు పోతుంది?

గాలంతో చేపలు పట్టే టోర్నమెంట్‌లో తూకం అయ్యాక బాస్ చేపని మళ్లీ నీళ్లలో వదిలితే తోక ఒక్క విదిలింపు విదిల్చి లోపలికి పోతుంది. చాలామంది అక్కడితో చేతులు దులుపుకుంటారు. కానీ ఈదుకుంటూ పోయిందంటే బతికిందని కాదు. టెక్సస్ ఎండల్లో వదిలిన చేపల్లో కొన్ని రెండు మూడు రోజులకు చచ్చి తేలతాయి. అప్పటికి మనం ఆఫీసులో ఉంటాం. డాలస్ చుట్టుపక్కల కొత్తగా బోటు కొని క్లబ్ టోర్నమెంట్లకు వస్తున్న మనవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

దాని బతుకు సగం లైవ్‌వెల్‌లోనే, అంటే పట్టిన చేపల్ని బతికుంచే బోటులోని నీళ్ల తొట్టిలోనే తేలిపోతుంది. ఎండాకాలం పంపుని టైమర్ మీద పెట్టకండి, ఆపకుండా నడవనివ్వండి. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, చేపకేమో ఇంకా ఎక్కువ కావాలి. మాది భీమవరం. తెల్లవారుజామున చెరువులో చేపలు పైకొచ్చి నోళ్లు తెరిస్తే ఏరియేటర్ల కోసం పరుగెత్తడం చిన్నప్పటి నుంచీ చూసినవాణ్ణి, బోటులో పంపు ఆగిందంటే నాకు టెన్షనే.

నీళ్లు 80 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే ఐస్ కావాలి. ప్లాస్టిక్ సీసాల్లో నీళ్లు గడ్డకట్టించి మూతతో సహా వేయండి, కుళాయి నీళ్లలోని క్లోరిన్ చేపకు తగలదు. లేక్ నీటి కంటే ఓ ఐదారు డిగ్రీలు తగ్గితే చాలు. మరీ చల్లబరిస్తే, బయటి వేడినీళ్లలోకి వదిలినప్పుడు అదో దెబ్బ. ఐస్ వేశాక బయటి నీళ్లు రాకుండా ఆపి, ఉన్న నీళ్లనే తిప్పండి. మధ్యమధ్యలో సగం మార్చండి, లేకపోతే అమ్మోనియా పేరుకుంటుంది. అప్పుడప్పుడు మూత తీసి చూడండి. ఒక చేప పక్కకి ఒరుగుతూ, మళ్లీ సర్దుకుంటూ, మళ్లీ ఒరుగుతోందంటే ఇంకో చేప కోసం చూడకుండా ర్యాంపుకి (బోటుని నీళ్లలోకి దింపే ఒడ్డుకి, తూకం అక్కడే) బయల్దేరడమే మంచిది.

లోతులో పట్టినదైతే ఒరగడానికి వేరే కారణం ఉండొచ్చు. పాతిక ముప్పై అడుగుల కింద నుంచి లాగితే లోపలి గాలి తిత్తి ఉబ్బి, చేప కిందికి దిగలేదు. సూదితో ఆ గాలి తీయొచ్చు కానీ, వీడియో చూసి ప్రయత్నించకండి, తెలిసినవాళ్ల పక్కన నిలబడి నేర్చుకోండి. అందాకా రెక్కకు తగిలించే క్లిప్ బరువులు వాడండి.

తూకం సంచిలో సగం దాకా లైవ్‌వెల్ నీళ్లు పోసి, మీ వంతు దగ్గర పడ్డాకే చేపల్ని వేయండి. రెండు నిమిషాలకు మించి అందులో ఉంచకూడదు. లైన్లో కబుర్లు చెప్పుకుంటూ పావుగంట సంచి పట్టుకుని నిలబడేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇక ఎక్కడ వదలాలన్నది. ట్యాగులు, ట్రాన్స్‌మిటర్లు పెట్టి చేసిన పరిశోధనలను కలిపి చూసిన 2003 నాటి సమీక్షలో, లార్జ్‌మౌత్ అనే రకం బాస్‌లో దాదాపు సగం వదిలిన చోటికి మైలు లోపే ఉండిపోయాయి. పట్టిన చోటికి తిరిగి చేరినవి సుమారు 14 శాతమే. స్మాల్‌మౌత్ అనే రకం కాస్త నయం, మూడో వంతు దాకా వెనక్కి చేరాయి. అంటే వారం వారం ఒకే ర్యాంపు దగ్గర వదిలితే లేక్ అంతటి చేపలూ అక్కడే పోగవుతాయి. ఆ సంగతి తెలిసి మర్నాడు పొద్దున్నే అక్కడికే గాలం పట్టుకొచ్చేవాళ్లూ ఉన్నారు. రూల్‌కి అడ్డం కాకపోవచ్చు, నాకు మాత్రం నచ్చదు.

పెద్ద టోర్నమెంట్లలో చేపల్ని దూరంగా తీసుకెళ్లి వదిలే రిలీజ్ బోటు ఉంటుంది. చిన్న క్లబ్బుల్లో మనమే చూసుకోవాలి. తూకం కాగానే చేపల్ని మళ్లీ లైవ్‌వెల్‌లో వేసుకుని, బోట్లు నిలిపే మెరీనా మూల దాటి, గాలి ఆడే చోట, పక్కనే లోతున్న దగ్గర తలా ఒకచోట వదలండి. బరువైన చేపను దవడ పట్టి వేలాడదీయకుండా పొట్ట కింద రెండో చెయ్యి ఆన్చండి, ఆ చెయ్యి తడిగా ఉండాలి.

గుడ్లు పెట్టే కాలంలో మాత్రం ఇవేవీ చాలవు. అప్పుడు గూటికి కాపలా కాసేది మగ బాస్. దాన్ని మైళ్ల దూరం తీసుకెళ్లి తూచి వదిలేలోపు బ్లూగిల్స్ అనే చిన్న చేపలు గుడ్లన్నీ తినేస్తాయి. అందుకే వసంతంలో పెట్టే టోర్నమెంట్లకు తూకం మానేయమని మా క్లబ్‌లో అడుగుతున్నాను. కొలబద్ద మీద పెట్టి, ఫొటో తీసి, పట్టిన చోటే వదిలేయడం. కయాక్ (తెడ్డుతో నడిపే చిన్న పడవ) టోర్నమెంట్ల వాళ్లు ఎప్పటినుంచో ఇలాగే ఆడుతున్నారు.