సొంతూరు మునిగితే హైదరాబాద్‌లో ఉన్న మనం ఏం చేయాలి, ఏం చేయకూడదు

ఇక్కడ ఉద్యోగం, అక్కడ ఖమ్మం, మహబూబాబాద్, ములుగు, కామారెడ్డి వైపు అమ్మానాన్నలు. ఇలా ఉన్నవాళ్ళ కోసం రాస్తున్నా. ఊరు మునిగిందని వాట్సాప్‌లో వీడియో రాగానే మనం ముందు కారు తాళాలు వెతుకుతాం. తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపులో పాత బట్టలు పోగేయడం మొదలుపెడతాం. రెండూ వద్దు. మునిగిన ఊరికి మొదటి రోజు కావాల్సింది వేరు, నాలుగో రోజు కావాల్సింది వేరు, మూడో వారం కావాల్సింది ఇంకా వేరు. మన ఆవేశం మొత్తం మొదటి రోజే ఖర్చయిపోయి, బురద ఎత్తే రోజుకి మనిషి దొరకడు. అందుకే వరుసగా చెప్తా.

వాన పడుతుండగా ఫోన్‌లో

"వాన తగ్గిందా నాన్నా?" అని అడిగితే లాభం లేదు. ఊళ్ళో పడే వాన కంటే ఎగువన పడిన వానే ఎక్కువగా ముంచుతుంది. తెలంగాణలో చాలా ఊళ్ళవి గొలుసుకట్టు చెరువులు. పైచెరువు నిండి మత్తడి (అలుగు) దూకితే ఆ నీళ్ళు కింది చెరువులోకి వస్తాయి, పైదానికి గండి పడితే మొత్తం ఒక్కసారే కిందిదాని మీద పడి దాని కట్ట కూడా తెగొచ్చు. కాబట్టి "పైచెరువు కట్ట ఎలా ఉంది, మత్తడి ఎంత ఎత్తున పోతోంది, వాగు మీద లోలెవల్ బ్రిడ్జి కనిపిస్తోందా" అని అడగండి. మీ ఊరివాళ్ళకే కాదు, పై ఊళ్ళో తెలిసినవాళ్ళకి కూడా ఒక ఫోన్ కొట్టండి. మీ నాన్నకంటే ముందు సంగతి వాళ్ళకే తెలుస్తుంది.

గోదావరి వరద, వాగు వరద ఒకటి కావు. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఎగువన ఎంత ప్రవాహం ఉందో ముందే తెలుస్తుంది కాబట్టి 2022 జులైలో 71 అడుగులు దాటినప్పుడు కూడా జనాన్ని తరలించడానికి కొంత సమయం దొరికింది. వాగు అలా చెప్పి రాదు. 2023 జులై 27న భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని మోరంచవాగు ముంచెత్తితే జనం ఇళ్ళ పైకప్పులెక్కి హెలికాప్టర్ల కోసం ఎదురుచూశారు. ఆ ఉదయానికి ముగిసిన 24 గంటల్లోనే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. హైదరాబాద్‌లో ఏడాదంతా కలిపి పడేదే సుమారు 800. మీ ఊరు వాగు పక్కన ఉండి, ఎగువన రెడ్ అలర్ట్ ఉందంటే చీకటి పడకముందే పెద్దవాళ్ళని మేడ ఉన్న ఇంటికి పంపించేయాలి. తెల్లారాక చూద్దాం అనుకోవద్దు.

పెద్దవాళ్ళు రారు, అది వేరే తలనొప్పి. "86 వరదలోనే ఇక్కడిదాకా రాలేదు, ఇప్పుడొస్తుందా" అంటారు. ఫోన్‌లో వాదించి టైమ్ వేస్ట్ చేయకండి, పక్కింటి అన్నకో, వరసకి మామయ్యకో చెప్పి చేయి పట్టుకుని తీసుకెళ్ళమనండి. ఎదురుగా నిలబడ్డ మనిషి మాట వింటారు. వెళ్ళేముందు నాలుగు పనులు చేయించండి: కరెంటు మెయిన్ ఆపడం, గ్యాస్ రెగ్యులేటర్ తీసేసి సిలిండర్ కొట్టుకుపోకుండా కట్టేయడం, కాగితాలూ బంగారమూ మందులూ ఒక ప్లాస్టిక్ కవర్లో వేసి వెంట తీసుకెళ్ళడం, గొడ్ల పలుపులు విప్పేయడం. చివరిది చాలామంది మర్చిపోతారు. విప్పిన గేదె ఈదుకుంటూ ఏదో గట్టు ఎక్కుతుంది, కట్టేసింది అక్కడే పోతుంది.

టవర్లు పడిపోతాయి కాబట్టి మాట్లాడే నాలుగు మాటలు ముందే మాట్లాడేయండి. ఎవరింట్లో ఉంటారు, వాళ్ళ నంబరేంటి, ఎన్ని రోజుల మందులున్నాయి. ఎవరైనా చిక్కుకుపోతే 112కి చెప్పాలి, జిల్లా కలెక్టరేట్ కంట్రోల్ రూమ్‌కి కూడా చెప్పాలి. చెప్పేటప్పుడు "మా ఊళ్ళో" అంటే చాలదు. మండలం, ఊరు, ఏ గుడి వెనకాల, ఎంతమంది, మంచం మీదున్నవాళ్ళున్నారా, ఇవన్నీ ఒకే మెసేజ్‌లో ఉండాలి. మ్యాప్‌లో ఇంటి లొకేషన్ ఇప్పుడే సేవ్ చేసి పెట్టుకోండి, వరద వచ్చినప్పుడు పెద్దవాళ్ళు పంపలేరు.

ఎప్పుడు బయల్దేరాలి

2024 సెప్టెంబర్ 1 గుర్తుందా? మున్నేరు ఖమ్మాన్ని ముంచింది. విజయవాడ హైవే నందిగామ దగ్గర ఐతవరంలో ఆగిపోయింది. కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. అలాంటి రోజు ఎల్బీనగర్ నుంచి కారేసుకుని బయల్దేరితే దారిలో ఎక్కడో చిక్కుకుని, మిమ్మల్ని కాపాడటానికి ఇంకో నలుగురు రావాలి. నా లెక్క సింపుల్: ఎంజీబీఎస్‌లో మీ ఊరి బస్సు రద్దయితే మీ కారు కూడా రద్దయినట్టే. ఆర్టీసీ డ్రైవర్లకి ఆ రోడ్లు మనకంటే బాగా తెలుసు. బస్సు మొదలయ్యాకే బయల్దేరండి, అదీ పగలే.

కల్వర్టు మీద నీళ్ళు పారుతుంటే ఎంత లోతో చూద్దామని దిగొద్దు. అడుగు లోతు ప్రవాహం చిన్న కారుని తేల్చేయగలదు, పైగా కింద రోడ్డు ఉందో కొట్టుకుపోయిందో పైనుంచి కనపడదు. ముందు లారీ వెళ్ళింది కదా అని వెనకే పోనిచ్చేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఏం తీసుకెళ్ళాలి

పాత బట్టలు వద్దని ఎందుకన్నానంటే, వరద తగ్గిన ఊళ్ళలో రోడ్డు పక్కన కుప్పలుగా పడి తడుస్తూ ఉండేవి అవే. పులిహోర పొట్లాలు కూడా మెయిన్ రోడ్డు పక్క కాలనీకి పదిసార్లు వస్తాయి, లోపలి తండాకి ఒక్కసారీ రావు. నీళ్ళు తీశాక జనానికి కావాల్సింది పనిముట్లు. పారలు, తట్టలు, గట్టి చీపుర్లు, వైపర్లు, గంబూట్లు, మందపాటి రబ్బరు గ్లోవ్స్, బ్లీచింగ్ పౌడర్, టార్చిలైట్లు, దోమతెరలు, పెద్ద టార్పాలిన్లు. ఊళ్ళో ఇవి అమ్మే షాపు కూడా మునిగే ఉంటుంది కదా. బేగంబజార్లో, రాణిగంజ్‌లో హోల్‌సేల్‌గా దొరుకుతాయి. నలుగురు కలిసి ఒక బొలెరో మాట్లాడుకుంటే ఒక వీధికి సరిపడా సామాను వెళ్తుంది. ఆడవాళ్ళకి కొత్త లోదుస్తులు, ప్యాడ్లు, నైటీలు పెట్టండి. ఎవరూ అడగరు, అందరికీ కావాలి.

సామాను కంటే విలువైన సాయం ఇంకోటుంది: చేతిపని తెలిసిన మనిషి. ఒక ఎలక్ట్రీషియన్, ఒక మోటర్ మెకానిక్. వరద తర్వాత ఊళ్ళో ఉన్న ఒకరిద్దరు మెకానిక్‌ల దగ్గర మోటర్లు గుట్టలుగా ఉంటాయి, వంతు రావడానికి వారాలు పడుతుంది. మీకు తెలిసినవాళ్ళకి రెండు రోజుల కూలీ ఇచ్చి వెంట తీసుకెళ్ళండి. డబ్బు నోట్ల రూపంలో, చిన్న నోట్లుగా పట్టుకెళ్ళండి, సిగ్నల్ లేనప్పుడు ఫోన్‌పే పనిచేయదు.

బురద

ఇంటికి చేరాక ఏదైనా కడిగేముందు ఒక పని. ఫొటోలు, వీడియోలు. గోడ మీద నీళ్ళ గీత, మునిగిన ఫ్రిజ్, తడిసిన బియ్యం బస్తాలు, పడిపోయిన గోడ, పక్కన మనిషి నిలబడితే ఎత్తు తెలుస్తుంది. శుభ్రం చేసేశాక సర్వేకొచ్చినవాళ్ళకి చూపించడానికి ఏమీ ఉండదు.

తలుపు తీయగానే మాత్రం అన్నిటికంటే ముందు వాసన చూడండి. గ్యాస్ వాసనొస్తే అగ్గిపుల్ల, స్విచ్ రెండూ ముట్టుకోకుండా బయటికొచ్చి 1906కి ఫోన్ చేయండి. కరెంటు మెయిన్ మీరే వేయొద్దు, గోడల్లో వైరింగు తడిసి ఉంటుంది, కరెంటు లేదనుకున్న ఊళ్ళో ఒక్కసారిగా సప్లై వస్తుంది. తెగిన తీగ కనిపిస్తే 1912. పాములు, తేళ్ళు బీరువా వెనక, పరుపుల కింద, కట్టెల్లో దాక్కుంటాయి కాబట్టి ఏ వస్తువునైనా ముందు కర్రతో కదిపి తర్వాత చేయి పెట్టాలి. పాము కరిస్తే కట్టు బిగించడం, కోయడం, నాటు మందు ఏవీ వద్దు, 108కి ఫోన్ చేసి ఆసుపత్రికే.

బురద తడిగా ఉన్నప్పుడే ఎత్తేయాలి, ఎండిందంటే సిమెంటే. లోపలి గది నుంచి వాకిలి వైపు లాగుతూ రండి. పోసేది మోరీలో పోయకండి, రేపు చిన్న వానకే వీధి మళ్ళీ మునుగుతుంది. మున్సిపాలిటీ ట్రాక్టర్ ఎక్కడికొస్తుందో కనుక్కుని అక్కడ కుప్ప పెట్టండి. దూది పరుపులు, దిండ్లు, తడిసిన బియ్యం, పిండి పారేయాల్సిందే. అమ్మ ఒప్పుకోదు. ఎండబెట్టినా బూజు పట్టిన బియ్యం తినడానికి పనికిరాదు, అది తనకి తెలియకుండా పారబోసినా ఫర్వాలేదు.

ఫ్రిజ్, టీవీ, మోటరు ఆన్ చేసి చూడొద్దు, మెకానిక్ విప్పి ఆరబెట్టాకే. బండి, కారు కూడా అంతే. ఇంజిన్లోకి నీళ్ళెళ్ళాక స్టార్ట్ చేస్తే ఇంకా పాడవుతుంది, ఇన్సూరెన్స్ వాళ్ళు దాన్నే పట్టుకుని క్లెయిమ్‌కి కొర్రీ పెడతారు. మీది థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే అయితే వరద నష్టానికి రూపాయి రాదు.

కాగితాలు

తడిసి అంటుకున్న కాగితాల్ని లాగకండి. కట్టని అలాగే నీడలో, గాలి ఆడేచోట పెట్టి, పైపైన ఆరిన కొద్దీ ఒక్కో షీటు విడదీయండి. మధ్యలో తెల్ల కాగితం పెట్టాలి, న్యూస్‌పేపర్ పెడితే దాని ఇంకు అంటుకుంటుంది. మరీ ఎక్కువుంటే కవర్లో చుట్టి హైదరాబాద్ తెచ్చి డీప్ ఫ్రీజర్లో పెట్టండి, బూజు ఆగుతుంది, తీరిగ్గా ఆరబెట్టుకోవచ్చు. ఆధార్ మళ్ళీ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, రిజిస్టర్డ్ దస్తావేజుకి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ ఇస్తారు. తడిసిన, చిరిగిన నోట్లు బ్యాంకులో మార్చుకోవచ్చు. అందుకే ఎక్కువ కష్టం పాత చేతిరాత కాగితాల మీద పెట్టండి. కౌలు ఒప్పందం, అప్పు నోటు, చిట్టీ పుస్తకం, వీటికి ఇంకెక్కడా కాపీ ఉండదు.

పరిహారం, ఊరికి ఇంకోసారి వెళ్ళడం

ఇంటి సర్వే వరద తగ్గిన కొద్ది రోజుల్లోనే మొదలవుతుంది. తాళం వేసిన ఇల్లు లిస్టులో లేకుండా పోవచ్చు, కాబట్టి ఇంట్లో మనిషి ఉండాలి, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాసుబుక్కు చేతిలో ఉండాలి. పేరు రాశారో లేదో అప్పుడే చూసుకోండి, లేకపోతే తహసీల్దారు ఆఫీసులో అర్జీ ఇచ్చి దాని మీద రసీదు తీసుకోండి. పంటకైతే 33 శాతం, అంతకు మించి నష్టపోతేనే కేంద్రం నిబంధనల కింద సాయం లెక్కలోకి వస్తుంది. మీ పొలం కౌలుకిచ్చి ఉంటే డబ్బు మీ నాన్న ఖాతాలో పడొచ్చు. పంట పోయింది కౌలు రైతుది, ఆ డబ్బు ఆయనకి ఇప్పించండి. దీని మీద ఇంట్లో గొడవైనా సరే.

మందుల సంగతి. బురదలో తిరిగినవాళ్ళకి వారం, రెండు వారాల్లో జ్వరం, ఒళ్ళునొప్పులు వస్తే మామూలు జ్వరమని ఊరుకోకుండా, వరద నీళ్ళలో తిరిగామని డాక్టరుకి చెప్పాలి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళ వల్ల లెప్టోస్పైరోసిస్ వస్తుంది. కాలికి దెబ్బ తగిలితే టీటీ ఇంజెక్షన్. నీళ్ళు కాచే తాగాలి, గ్యాస్ లేకపోతే క్లోరిన్ బిళ్ళలు కవరు మీద రాసినట్టు వేసి అరగంట ఆగాలి.

రెండు మూడు వారాల తర్వాత ఇంకోసారి వెళ్ళండి. అప్పటికి టీవీ వాళ్ళు, బొలెరోలు ఎవరూ ఉండరు, నిలిచిన నీళ్ళలో దోమలుంటాయి. డెంగీ మొదలయ్యేది అప్పుడే. ట్యాంకు, సంపు కడిగించండి, పాత టైర్లు, కుండీల్లో నీళ్ళు పారబోయండి. గోడలకి సున్నం, రంగు మాత్రం అప్పుడే వేయించకండి, లోపల చెమ్మ పూర్తిగా ఆరడానికి నెలలు పడుతుంది, తొందరపడి వేస్తే సంక్రాంతికల్లా పెచ్చులూడిపోతుంది.