పైపులో బర్లీ పొగాకు గరగరలాడకుండా

మా ఒంగోలు వైపు గాలిలో చెమ్మ ఎక్కువ. డబ్బా మూత నాలుగుసార్లు తీస్తే చాలు, పైపు పొగాకు మెత్తబడిపోతుంది. వెలిగిస్తే గొట్టంలో గరగర, నాలుక మీద మంట. పొగాకే మంచిది కాదని ఒక డబ్బా పారేశాను కూడా.

ఇప్పుడు ఒక పైపుకు సరిపడా, 2 లేదా 3 గ్రాములు, కాగితం మీద పల్చగా పరిచి నీడలో అరగంట ఉంచుతున్నాను. తడి పదును చూడడం మా రైతులు బేలు కట్టే ముందు ఆకును చూసినట్టే. వేళ్ల మధ్య నొక్కి వదిలితే ముద్దగా ఉండిపోకూడదు, పొడి కాకూడదు, మెల్లగా విచ్చుకోవాలి. నింపేటప్పుడు అడుగున వదులుగా, పైన కాస్త గట్టిగా.

రుచి మొదటి నాలుగు పీల్పుల్లో తేల్చకండి, సగం పైపు కాలాక చూడండి. బర్లీలో చక్కెర బాగా తక్కువ, తీపి కోసం వెతికితే దొరకదు. వేయించిన వేరుశనగ లాంటి వాసన రావాలి.

రోహిణి కార్తెలో మాత్రం ఇది పనికిరాదు. వడగాలికి పది నిమిషాల్లోనే పెళుసెక్కి, వేడిగా గబగబా కాలిపోతుంది. అప్పుడు డబ్బాలోంచి నేరుగా నింపడమే.