ముంబైలో బస ఖర్చు తగ్గించుకోవడం ఎలా? సరిహద్దు జిల్లాల నుంచి వెళ్లేవారి కోసం

నాందేడ్ జిల్లాలోని దెగ్లూరు, బిలోలి, ధర్మాబాద్, కిన్వట్ నుంచి, చంద్రపూర్ వైపు రాజురా, బల్లార్షా నుంచి, గడ్చిరోలి జిల్లా చివరన ఉన్న సిరొంచ నుంచి తెలుగు కుటుంబాలు ముంబై వెళ్లేది ఎక్కువగా ఆసుపత్రికో, ఉద్యోగ పరీక్షకో, రాష్ట్ర సచివాలయమైన మంత్రాలయంలో ఆగిపోయిన కాగితం కోసమో. అటువంటి ప్రయాణంలో రైలు టికెట్ కంటే లాడ్జి గది అద్దే పెద్ద భారమవుతుంది. చాలామంది చవక గది కోసం వెతకడంతో మొదలుపెడతారు కానీ, నిజానికి అది చివర చేయవలసిన పని. ఎన్ని రాత్రులు ఉండవలసి వస్తుందో, నగరంలో ఏ వైపు పని ఉందో తేల్చుకున్న తరువాతే గది మాట రావాలి. అద్దెలో రెండు మూడు వందలు తగ్గించుకోవడం కంటే ఒక రాత్రిని పూర్తిగా తప్పించుకోవడం వల్ల మిగిలేది చాలా ఎక్కువ.

మొదటి అడుగు: రాత్రులను తగ్గించండి

ఒక్క రోజులో ముగిసే పని అయితే, రెండు రాత్రులూ రైల్లోనే గడిచేలా ప్రయాణాన్ని అమర్చుకోవచ్చు. ధర్మాబాద్, ముద్‌ఖేడ్, నాందేడ్ మీదుగా పోయే దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఉదయం ముంబై చేరుతుంది, తిరుగు బండి రాత్రి బయలుదేరుతుంది. చంద్రపూర్, బల్లార్షా వైపువారు వర్ధాలో గాని నాగపూర్‌లో గాని విదర్భ ఎక్స్‌ప్రెస్ వంటి రాత్రి బండి పట్టుకోవచ్చు. ప్రస్తుతం రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందే తెరుచుకుంటుంది కాబట్టి, తేదీ తెలిసిన రోజే రానుపోను టికెట్లు రెండూ తీసుకోవడం మేలు. తిరుగు టికెట్ ఖాయం కాకపోతే అనుకోని ఒక రాత్రికి లాడ్జి అద్దె కట్టవలసి వస్తుంది.

ఉదయం దిగాక స్నానానికి, సామాను పెట్టుకోవడానికి గది తీసుకోనక్కరలేదు. పెద్ద స్టేషన్లలో డబ్బు చెల్లించి వాడుకునే ఏసీ వెయిటింగ్ హాళ్లు, స్నానపు గదులు ఉంటాయి. క్లోక్‌రూములో సామాను పెట్టాలంటే సంచికి తాళం ఉండాలి, టికెట్ చూపించాలి. కాబట్టి జిప్పుకు తాళం వేయగల సంచినే ఇంటి నుంచి తీసుకెళ్లండి.

వెళ్లవలసిన అవసరం అసలు ఉందా అన్నది కూడా ముందే అడిగి తెలుసుకోదగినదే. ఉదాహరణకు, క్యాన్సర్ విషయంలో టాటా మెమోరియల్ వైద్యుల అభిప్రాయాన్ని నవ్య అనే ఆన్‌లైన్ సేవ ద్వారా ఇంటి నుంచే కోరవచ్చు. తరువాతి పరీక్షలను నాగపూర్‌లో చేయించుకుని రిపోర్టులు పంపితే సరిపోతుందా అని వైద్యుణ్ణి అడగడానికి మొహమాటపడకండి. దూరం నుంచి వస్తున్నామని చెప్పి, రెండు విభాగాల అపాయింట్‌మెంట్లను పక్కపక్క రోజుల్లో ఇవ్వమని అడగడం కూడా రోగి తరఫువారు చేయవలసిన పనే.

రెండో అడుగు: రిటైరింగ్ రూములు, డార్మిటరీలు చూడండి

ఒకటి రెండు రాత్రులు తప్పనప్పుడు ముందుగా చూడవలసింది రైల్వే రిటైరింగ్ రూములను. ఖాయమైన టికెట్ గాని ఆర్‌ఏసీ టికెట్ గాని ఉంటే, పీఎన్ఆర్ నంబరుతో ఐఆర్‌సీటీసీ ద్వారా ముందే బుక్ చేసుకోవచ్చు. 12 గంటలకు, 24 గంటలకు, గరిష్ఠంగా 48 గంటల వరకు ఇస్తారు. గదులు కొద్దిగానే ఉంటాయి కాబట్టి టికెట్ ఖాయమైన వెంటనే చూడాలి. డార్మిటరీలో పడక తీసుకునేటప్పుడు ఆడవారికి కేటాయించినవి ఉన్నాయో లేదో విడిగా చూసుకోండి. ముంబై సెంట్రల్ స్టేషన్‌లో 2021 నవంబరులో చిన్న గూళ్లవంటి పడకలుండే పాడ్ హోటల్‌ను భారతీయ రైల్వేల్లో మొట్టమొదటిసారి తెరిచారు. ఒంటరిగా పరీక్షకు వచ్చిన యువకులకు ఆ చిన్న గూడు చాలు, కానీ మోకాళ్ల నొప్పులున్న పెద్దవారికి నేను దాన్ని సూచించను.

మూడో అడుగు: రోగి వెంట వెళ్తుంటే ధర్మశాలలను ముందే అడగండి

ఈ వ్యాసంలో అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇదే. పరేల్‌లో టాటా మెమోరియల్ ఆసుపత్రి చుట్టుపక్కల ఫుట్‌పాత్‌ల మీద, రోగితో సహా సంసారమంతా పరుచుకుని రోజులు గడిపే కుటుంబాలను దశాబ్దాలుగా చూస్తున్నాం. వారిలో కొందరికైనా, తమవంటివారి కోసమే నడిచే బసలు ఉన్నాయని చేరవలసిన సమయానికి తెలియదు.

విదర్భలోని అమరావతి జిల్లాలో పుట్టిన సంత్ గాడ్గే మహారాజ్ పేరిట దాదర్‌లో ఉన్న ధర్మశాల, బయటి ఊళ్ల నుంచి వచ్చే క్యాన్సర్ రోగులకు, వారి వెంట ఉన్నవారికి చాలా తక్కువ ఖర్చుతో చోటిస్తుంది. పరేల్‌లోని నానా పాల్కర్ స్మృతి సమితి కూడా ఇటువంటి సేవే చేస్తోంది. టాటా ఆసుపత్రి తరఫున బాంద్రాలో డాక్టర్ ఎర్నెస్ట్ బోర్జెస్ స్మారక గృహం ఉంది. క్యాన్సర్‌కు చికిత్స పొందుతున్న పిల్లలకు, వారి తల్లిదండ్రులకు సెయింట్ జూడ్ ఇండియా చైల్డ్‌కేర్ కేంద్రాలు ఉచితంగా బస ఇస్తాయి. చికిత్స నవీ ముంబైలోని ఖార్ఘర్‌లో ఉన్న, టాటా మెమోరియల్‌కే చెందిన ఏక్‌ట్రెక్ ఆసుపత్రిలో జరిగేటట్లయితే పరేల్‌లో గది తీసుకోవడం వృథా ఖర్చు, కాబట్టి ఏ ప్రాంగణానికి రమ్మన్నారో కాగితం మీద చూసుకోండి.

వీటిలో చోటు కోసం తిన్నగా గేటు దగ్గరికి వెళ్లి నిలబడడం కంటే, ఆసుపత్రిలోని వైద్య సామాజిక సేవా విభాగాన్ని మొదటి రోజే కలవడం మంచిది. ఎక్కడ ఖాళీ ఉందో, ఎవరి చీటీ కావాలో అక్కడివారు చెబుతారు. సాధారణంగా రోగి కేసు పత్రం, ఆధార్, వెంట ఉన్నవారి గుర్తింపు పత్రం అడుగుతారు, వెంట ఒకరిద్దరికి మించి అనుమతించరు. అందువల్ల ఇంటి నుంచి బయలుదేరేటప్పుడే, తోడు వస్తామన్న మేనమామలను, చిన్నాన్నలను నొప్పించకుండా ఆపి, వంతులవారీగా రమ్మని చెప్పండి. మొదటి రోజే చోటు దొరకకపోవచ్చు కాబట్టి, రెండు రాత్రులకు సరిపడే డబ్బు వేరే బసకు విడిగా ఉంచుకోవాలి.

క్యాన్సర్ రోగికి చికిత్స కోసం చేసే ప్రయాణంలో స్లీపర్‌లోనూ ఏసీ త్రీ టైర్‌లోనూ టికెట్ పూర్తిగా ఉచితం, తోడు వెళ్లే ఒకరికి ఆ తరగతుల్లో 75 శాతం రాయితీ ఉంటుంది. రైల్వే నమూనాలో ఆసుపత్రి ఇచ్చే ధ్రువపత్రం ఇందుకు అవసరం. అలా మిగిలిన సొమ్ము బసకు పనికివస్తుంది.

నాలుగో అడుగు: బంధువుల ఇల్లు ఉంటే మర్యాదగా వాడుకోండి

వర్లీ, కామాఠీపురా, భివండీలలో తరతరాలుగా స్థిరపడిన తెలుగువారు ఉన్నారు. మన ఊళ్లలో ప్రతి పది ఇళ్లకూ ఒకరికి అక్కడ పెద్దమ్మో బావో తేలుతారు. అయితే ముంబై ఇల్లంటే తరచుగా ఒక్క గది, ఉదయం కొద్దిసేపే వచ్చే నల్లా నీళ్లు, డ్యూటీకి వెళ్లే తొందర. ఇంటి యజమానితో మాట్లాడి ఊరుకోకుండా, వంట చేసే వదినతోనో అత్తమ్మతోనో స్వయంగా ఫోన్‌లో మాట్లాడి, ఎందరు వస్తున్నారో, ఎన్ని రాత్రులో, ఎప్పుడు వెళ్లిపోతారో స్పష్టంగా చెప్పండి. రెండు రాత్రులు దాటకూడదు. దుప్పటి మీదే తీసుకెళ్లండి. నాందేడ్ పసుపో, జొన్నలో, సిరొంచ మిరపకాయలో పట్టుకెళ్తే వారు సంతోషిస్తారు. అంటువ్యాధి ఉన్న రోగిని గాని, కీమో తరువాత ఇన్ఫెక్షన్ సోకకుండా కాపాడుకోవలసిన రోగిని గాని ఇరుకైన ఇంట్లో ఉంచడం ఇద్దరికీ మంచిది కాదు. అక్కడ డబ్బు ఆదా చూడకండి.

ఐదో అడుగు: గది తప్పనిసరైతే

నగరం నడిబొడ్డున కాకుండా కల్యాణ్, ఠాణే, పన్వేల్ వైపు, లోకల్ స్టేషన్‌కు నడిచిపోగల దూరంలో గది చూడండి. దాదర్‌లో గాని పరేల్‌లో గాని గది తీసుకున్న దానితో పోలిస్తే, లోకల్ టికెట్ కలుపుకున్నా సాధారణంగా తక్కువే అవుతుంది. రోజంతా తిరగవలసినవారికి 1, 3, 5 రోజుల టూరిస్టు పాసులు ఉన్నాయి. ఈ సలహాకు ఒక మినహాయింపు ఉంది. జూలై, ఆగస్టు నెలల్లో భారీ వర్షానికి లోకళ్లు ఆగిపోయే రోజులు వస్తాయి కాబట్టి, ఉదయమే పరీక్ష గాని శస్త్రచికిత్స గాని ఉన్నవారు ఆ కాలంలో దూరంగా ఉండకూడదు. అదేవిధంగా వినాయక చవితి నుంచి అనంత చతుర్దశి వరకు లాల్‌బాగ్, పరేల్ ప్రాంతమంతా జనసముద్రమవుతుంది, డిసెంబరు 6న అంబేడ్కర్ స్మారకమైన చైత్యభూమి కోసం లక్షలాది మంది దాదర్ చేరుతారు. తేదీ మార్చుకునే వీలుంటే ఆ రోజులను తప్పించండి.

ధర అడిగేటప్పుడు పన్నుతో కలిపి ఎంత అని అడగండి. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల వరకు అద్దె ఉన్న గదులపై జీఎస్టీ 5 శాతం, అంటే 2,000 రూపాయల గదికి మొత్తం 2,100 కావాలి. పాత 12 శాతం లెక్క చెబితే బిల్లు చూపించమనండి. చెక్ అవుట్ మధ్యాహ్నం 12కా, దిగిన సమయం నుంచి 24 గంటలకా అన్నది కూడా తేల్చుకోవాలి. ఉదయం ఏడింటికి దిగేవారికి మధ్యాహ్నం చెక్ అవుట్ ఉన్న లాడ్జిలో ఒక్క రాత్రికే రెండు రోజుల అద్దె పడవచ్చు. యాప్‌లో కనిపించిన ధరను చూసుకుని, అదే లాడ్జికి ఫోన్ చేసి, నేరుగా వస్తే ఎంత తగ్గిస్తారో అడగండి. మూడు రాత్రులకు మించి ఉంటే తగ్గింపు తప్పక అడగాలి.

ఫోన్‌లో పరిచయమైనవారు చోటు ఇప్పిస్తామని ముందే మొత్తం పంపమంటే పంపకండి. ధర్మశాలల పేర్లతో కూడా నకిలీ నంబర్లు తిరగవచ్చు కాబట్టి ఆసుపత్రి నుంచే నంబరు తీసుకోండి. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలి. బండి ఆలస్యమై అర్ధరాత్రి దిగినప్పుడు, స్టేషన్ బయట చవక గది చూపిస్తామని వెంటపడేవారితో వెళ్లకుండా, టికెట్ చూపించి వెయిటింగ్ హాల్లోనే తెల్లవారే వరకు ఉండి, వెలుతురులో బసను కళ్లతో చూసుకున్న తరువాతే డబ్బు కట్టండి.